ధరణి కొన్న పాత ల్యాప్‌టాప్

ధరణి చదివింది కంప్యూటర్ చదువే అయినా, సొంత కంప్యూటర్ అన్నది ఆమె ఎరగదు. చిత్తూరులో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ ల్యాబులో ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురేసి అమ్మాయిలను కూర్చోబెట్టేవాళ్లు. మౌసు ఎప్పుడూ మధ్య కుర్చీలో పిల్లదే. ధరణి ఐరాల నుంచి బస్సులో వచ్చేది. ఆ బస్సు ఏనాడూ వేళకు రాలేదు కాబట్టి ఆమెకు ఎప్పుడూ చివరి కుర్చీయే మిగిలేది. పక్కనుంచి తొంగిచూస్తూ, "ఆడ బ్రాకెట్ మూయలేదు సూడు" అని వేలు పెట్టి చూపించేది. తప్పులు పట్టడంలో గట్టిదని పేరు తెచ్చుకుంది గానీ, తన చేత్తో రాసి నడిపించిన ప్రోగ్రాములు చాలా తక్కువ.

చదువు ముగియగానే పెళ్లయింది. పూతలపట్టు కూడలిలో మోటారు వైండింగ్ అంగడి నడిపే రవిచంద్రకు ఇచ్చి చేశారు. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త రాగితీగ చుట్టడం, పాతవి కొని బాగుచేసి అమ్మడం అతని పని. ముందు అంగడి, వెనక ఇల్లు. ధరణి ఇంటిపనితో పాటు అంగడి బిల్లులు ఫోన్లో రాసేది, కంపెనీలవాళ్లతో మాట్లాడి బేరింగులు తెప్పించేది. ఇద్దరు పిల్లలు పుట్టి బడికి పోయే వయసుకు వచ్చారు. తను చదివిన చదువు గురించి అడిగినవాళ్లు లేరు. ఆమె కూడా ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ అంగడికి అసలు కళ ధరణి అత్త భారతమ్మ. ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆమె కూర్చుందంటే దారిన పోయే ప్రతి మనిషీ ఏదో ఒక జవాబు చెప్పి పోవాల్సిందే. "ఏమప్పా, మీ బోరులో నీళ్లు పడినాయా?" "ఏమ్మే, నీ కోడలు పుట్టింటినించి వచ్చిందా?" మోటారు కోసం వచ్చినవాడు మోటారు మాట మరిచి, ఇంటి సంగతులన్నీ చెప్పి, టీ తాగి పోయేవాడు. "నువ్వు గమ్మునుండు మా, పని కానీ" అని రవిచంద్ర విసుక్కునేవాడు. గిరాకీలో సగం ఆమె నోటి చలవేనని అతనికీ తెలుసు.

ఒకనాటి ఉదయం వాకిట్లో కసువు చిమ్ముతూ భారతమ్మ ఉన్నపళంగా కూలబడిపోయింది. తిరుపతి ఆస్పత్రిలో చాలాకాలం ఉంచారు. ప్రాణం దక్కింది. కర్ర ఊతంతో నాలుగడుగులు వేసేంతగా కాలు తేరుకుంది. కుడిచెయ్యి మాత్రం వాలిపోయింది. మాట కూడా పోయింది. మిగిలింది ఒకే ఒక్క మాట, "అదే."

నీళ్లు కావాలన్నా "అదే". ఫ్యాను ఆపమన్నా "అదే". ఎదుటివాళ్లు అర్థం చేసుకోలేకపోతే "అదే, అదే, అదే" అని ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టేది. ఎవరేం చెప్పినా ఆమెకు బాగానే తెలిసేది. తను చెప్పదలచుకున్నదీ లోపల చక్కగానే ఉండేది. నోటిదాకా వచ్చేసరికి అంతా ఆ ఒక్క మాటగా మారిపోయేది. కొన్నాళ్లకు ఆ మాట కూడా అనడం తగ్గించి గోడవైపు తిరిగి పడుకోసాగింది. ధరణికి అదే ఎక్కువ భయం వేసింది.

ఆస్పత్రిలో మాట నేర్పే స్రవంతి అనే అమ్మాయి ఉండేది. "మీ అత్తగారి ఆలోచనకేమీ కాలేదక్కా. మాట బయటికొచ్చే దారి మూసుకుపోయింది. బొమ్మ నొక్కితే మాట్లాడే యాప్‌లు ఫోన్లో ఉంటాయి, అలవాటు చేసి చూడండి" అని చెప్పింది.

ధరణి ఒకటి తెచ్చి ఫోన్లో వేసింది. అందులో బొమ్మలన్నీ పరాయివి. బ్రెడ్డు ముక్క ఉంది, ముళ్ల చెంచా ఉంది, సంగటి లేదు. గ్లాసు బొమ్మ నొక్కితే ఫోను, "నాకు దాహముగా ఉన్నది" అని గంభీరంగా పలికింది. భారతమ్మ ఫోను వంక చూసింది, కోడలి వంక చూసింది. ఎడమచేత్తో ఫోనును అవతలికి తోసేసింది.

"వార్తలు సదివినట్ల ఉండాది" అన్నాడు రవిచంద్ర. "మాయమ్మ ఎప్పుడన్నా అట్ల మాట్లాడిందా?"

ఆ మాట ధరణి మనసులో పడిపోయింది. ఇంట్లో గ్లాసు ఫోటో, ఇంట్లో సంగటి ఫోటో, ఈ ఊరి మాట పెట్టి మనమే ఒకటి చేసుకుంటే? యాప్ అంటే చివరికి అదేగా: బొమ్మ నొక్కితే గొంతు పలకాలి. పిల్లలు బడికి పోయాక, అత్త కునుకు తీసే వేళ, ఫోన్లో పాఠాలు చూడడం మొదలుపెట్టింది. పదేళ్లకు పైగా తుప్పు పట్టిన చదువు మెల్లగా కదిలింది. చూసింది అర్థమవుతోంది, కానీ చేద్దామంటే ఫోన్లో వీలు కావడం లేదు. రాయడం మొదలుపెడితే అక్షరాల పలక సగం తెర మింగేస్తుంది. యాప్ తయారుచేసే సాఫ్ట్‌వేరు అసలు ఫోన్లో ఎక్కదు. కంప్యూటర్ ఉండాల్సిందే.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర విషయం కదిపింది.

"నాకొక ల్యాప్‌టాప్ గావాల. అత్తకి యాప్ చేస్తాను."

రవిచంద్ర ముద్ద మింగి అడిగాడు. "నీకొచ్చునా అది?"

"కొంచెం వచ్చు. మిగతాది నేర్చుకుంటా. కొత్తది మనవల్ల గాదని నాకూ తెలుసు, పాతదే చాలు. అట్లని ఏది బడితే అది పనికిరాదు."

"పాతదంటే పాతదే గదా. దాంట్లో మళ్లీ ఏముండాది?"

"బోరు లోతుకు తగిన మోటారు దించాలా వద్దా? లోతు బోరుకి చిన్న మోటారు ఏస్తే ఏమైతాది?"

"నీళ్లు పైకి రావు, మోటారు కాలిపోతాది."

"ఇదీ అంతే. ఈ పనికి ర్యామ్ ఎనిమిది జీబీ కన్నా తగ్గితే నడవదు. పెంచుకునేదానికి చోటుంటే ఇంగా మంచిది. తిరిగే పాతకాలం డిస్కు గాకుండా కొత్తరకం డిస్కు ఉండాల."

ఆ ఆదివారమే ఇద్దరూ చిత్తూరు పోయారు.

అక్కడ ఒక సెల్‌ఫోన్ అంగడిలో పాత ల్యాప్‌టాప్‌లు కూడా అమ్ముతారని విన్నారు. అంగడతను వెండిలా మెరిసేదొకటి తీసి పెట్టాడు. పలచగా, చేట కన్నా తేలికగా ఉంది. మూత మీద మచ్చ లేదు. లోపల పెద్ద ప్రాసెసర్ ఉందని చెప్పే స్టిక్కరు నిగనిగలాడుతోంది. రవిచంద్రకు చూడగానే నచ్చేసింది.

"ఒకసారి ఆన్ చెయ్యండి" అంది ధరణి.

కుర్చీ లేదు. నిలబడే సెట్టింగుల్లోకి పోయి చూసింది. స్టిక్కరు చెప్పేది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. చాలా పాతది, చిన్నది. ర్యామ్ నాలుగే. తను సరిగ్గానే చూస్తున్నానా అని ఆమెకే అనుమానం వచ్చి రెండోసారి చూసింది.

"ర్యామ్ పెంచేదానికి వీలుందా?"

"మీకెందుకు మేడం అయన్నీ? సినిమాలు సూసుకోవచ్చు, పిల్లోళ్లు ఆడుకోవచ్చు" అని అంగడతను రవిచంద్ర వైపు తిరిగాడు. "అన్నా, ఇంట్లో ఆడోళ్లకి ఇది జాస్తినే. నా మాట ఇను."

రవిచంద్ర చెయ్యి అప్పటికే జేబులోకి పోతోంది.

"వద్దు" అంది ధరణి.

అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది ఆ మాట. అంగడిలో ఉన్న మరో ఇద్దరు తలెత్తి చూశారు. ఆమె సంచి సర్దుకుని మెట్లు దిగేసింది. వెనకే వచ్చిన రవిచంద్ర, "బాగనే ఉండె గదే, ఏమైంది?" అని అడిగాడు.

"పైన రాసుండేది ఒకటి, లోన ఉండేది ఇంగొకటి."

అతను ఆగిపోయాడు. "అంటే, పైన ఐదు హెచ్‌పీ అని పలక కొట్టి, లోపల మూడు హెచ్‌పీ తీగ చుట్టినట్లా?"

"అట్లనే."

వెనక్కి తిరిగి ఆ అంగడి వంక ఒకసారి చూశాడు రవిచంద్ర. "అట్లాంటోడి తావ టీ కూడా తాగగూడదు" అన్నాడు. ఆనాటి నుంచి ల్యాప్‌టాప్ ఎంపికలో భార్య మాటకు అడ్డు చెప్పలేదు.

తిరుపతిలో పాత కంప్యూటర్లు అమ్మే చక్రధర్ పేరు చెప్పింది స్రవంతి. తను వాడే కంప్యూటర్ అతని దగ్గర కొన్నదేనట. తోడుగా ఉండడానికి బంగారుపాళ్యం నుంచి భారతమ్మ చెల్లెలు పంకజాక్షి వచ్చింది. ఆమెను అత్త దగ్గర ఉంచి ధరణి, రవిచంద్ర పొద్దున్నే బస్సెక్కారు.

ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో, మేడ మీద చిన్న గది చక్రధర్‌ది. చెన్నైలో ఆఫీసులు కొన్నేళ్లకోసారి తమ ల్యాప్‌టాప్‌లను ఒక్కసారిగా మార్చేస్తాయి. అలా వేలంలో వచ్చినవాటిని తడ మీదుగా తెచ్చి, శుభ్రం చేసి అమ్ముతాడు. గదిలో గోడ పొడుగునా నల్లటి ల్యాప్‌టాప్‌లు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి.

"ఏం పనికి గావాలక్కా?" అన్నదే అతను అడిగిన మొదటి మాట.

ధరణి చెప్పింది. యాప్ సంగతి, అత్త సంగతి, ఎంత ర్యామ్ కావాలో అదీ. అతను మధ్యలో మాట్లాడకుండా విన్నాడు. పోయి వరస మధ్యలోంచి ఒకటి లాగి తెచ్చాడు. మందంగా, బరువుగా ఉంది. ఒక మూల పెచ్చు లేచింది. మీటల మీద రెండు మూడు అక్షరాలు అరిగిపోయాయి.

"సూసేదానికి బాగుండదు. పని మటుకు చేస్తాది" అన్నాడు.

"ఎందుకమ్మేసినారు దీన్ని?" అడిగాడు రవిచంద్ర. పాత మోటారు ఎవరు తెచ్చినా అతను మొదట వేసే ప్రశ్న అదే.

"వాళ్లకి పాతదైందన్నా. ఆఫీసోళ్లకి మూడేళ్లయితే ముసలిది. మనకి ఇంగా చాలా బతుకుంటాది."

చక్రధర్ దాన్ని బోర్లించి, స్క్రూలు విప్పి, అడుగు మూత తీశాడు. ఎనిమిది జీబీ ర్యామ్ పక్కనే మరొకటి పెట్టుకోవడానికి ఖాళీ గాడి కనిపించింది. కొత్తరకం డిస్కు ఉంది. ధరణి ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ అడిగింది, అతను చెప్పాడు. అప్పటిదాకా దూరంగా నిలబడిన రవిచంద్ర మూత తెరిచేసరికి దగ్గరికి జరిగాడు. రాగి గొట్టం, చిన్న ఫ్యాను, తీగలు కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది అతనికి. వంగి వాసన చూశాడు.

"ఏందన్నా, వాసన సూస్తా ఉండావు?" నవ్వాడు చక్రధర్.

"కాలిన వాసన ఉండాదా అని. లేదులే. ఏదీ, ఆన్ చెయ్యి."

ఆన్ చేయించి చెవి దగ్గర పెట్టాడు. కళ్లు మూసుకుని కాసేపు విన్నాడు.

"ఫ్యాను గీస్తా ఉండాది. బేరింగు అరిగింది."

"ఇది మోటారు కాదన్నా."

"తిరిగేది ఏదైనా మోటారే గదప్పా."

చక్రధర్ కూడా చెవి పెట్టి విన్నాడు. గీస్తున్న చప్పుడు చిన్నదే గానీ ఉంది. మరో ల్యాప్‌టాప్ లోంచి మంచి ఫ్యాను తీసి వేశాడు. రవిచంద్ర మళ్లీ విని, తల ఊపాడు. బేరం అతనే చూసుకున్నాడు. ఆ విద్య అతనికి ఒకరు నేర్పాల్సింది కాదు.

డబ్బు ఇచ్చేముందు ధరణి ఆపింది. "అన్నా, నా సాఫ్ట్‌వేరు దీంట్లో ఎక్కించి, నడస్తాదో లేదో సూసినాక తీసుకుంటా. తప్పుగా అనుకోవద్దు."

"తప్పేముందక్కా? అట్ల అడిగేవాళ్లే తక్కువ. ఈడ నెట్టుండాది, దిగేదానికి చానాసేపు పడతాది. మీరు పోయి అన్నం తినేసి రాండి."

తినేసి వచ్చి, ఇంకా సాఫ్ట్‌వేరు దిగుతూ ఉంటే బల్ల మీద కూర్చున్నారు. అంతా సిద్ధమయ్యాక ధరణి ల్యాప్‌టాప్ ముందుకు జరిగింది. కంప్యూటర్లోనే ఫోను బొమ్మను నడిపి చూసే పద్ధతి ఒకటుంది గానీ, ఎనిమిది జీబీకి అది భారం. అందుకని తన ఫోనునే వైరుతో తగిలించింది. ఖాళీ యాప్ ఒకటి తెరిచి, అందులో ఒక్క పేరు రాసి, నడిపే గుర్తు నొక్కింది. ల్యాప్‌టాప్ చాలాసేపు ఆలోచించింది. చివరికి ఫోను తెర తెల్లగా మారి, నడుమ నల్లటి అక్షరాల్లో "భారతమ్మ" అని వచ్చింది.

రవిచంద్ర తొంగిచూశాడు. "ఇంతేనా?"

"ఇప్పటికింతే" అంది ధరణి.

వైరు పీకేసినా పేరు అక్కడే నిలిచింది. చంద్రగిరి దాటేదాకా బస్సులో ఆమె ఆ యాప్ మూయడం, తెరవడం చేస్తూనే ఉంది. తను రాసింది తన చేతిలోని ఫోన్లో తెరుచుకోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

పని సాగింది. మధ్యాహ్నాలు కొంత, పొద్దున పిల్లలు లేవకముందు కొంత. కొన్ని వారాలకు ల్యాప్‌టాప్ బరువెక్కినట్టు నెమ్మదించింది. ఏవేవో పనికిరానివి నిండిపోయాయనుకుని, అంతా తుడిచి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే మీట నొక్కింది ధరణి. అది తిరిగి తెరుచుకుని నెట్టుకు కలవగానే, తెర మీద చెన్నైలోని ఏదో కంపెనీ పేరు వచ్చింది. ఈ యంత్రం మాది, మీ ఆఫీసు ఐడీ కొట్టండి అని అడుగుతోంది. ఏం నొక్కినా ముందుకు పోదు, వెనక్కి రాదు.

రవిచంద్ర చూసి తెల్లబోయాడు. "దొంగసొత్తా ఏందే?"

అతని భయానికి కారణముంది. పొలాల్లో మోటార్లు పోయినప్పుడల్లా పోలీసులు ముందుగా వచ్చి తట్టేది వైండింగ్ అంగళ్ల తలుపులే. ఎవడు ఏం తెచ్చినా ఊరు, పేరు, ఫోటో తీసుకోనిదే ముట్టుకోని మనిషి అతను. చక్రధర్‌కు ఫోను చేస్తే ఎత్తలేదు. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నారు. "యాప్ పని ఆగిపోయినా పర్వాలేదు, ఆ వస్తువు ఇంట్లో వద్దు" అన్నాడు రవిచంద్ర. ధరణి ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టి, ఆ సంచిని బియ్యం డ్రమ్ము మీద పెట్టింది. తన చేత్తోనే పాడుచేసుకున్నానేమోనని ఆమె దిగులు.

మర్నాడు చక్రధరే ఫోను చేశాడు. చెన్నైలో సరుకు ఎత్తించుకుంటూ ఉన్నానని, ఫోను చూసుకోలేదని చెప్పాడు. సంగతి వినగానే, "అక్కా, మీరేం తప్పు చెయ్యలేదు. కంపెనీవాళ్లు అమ్మేటప్పుడు తమ పేరు కొట్టేయాల, మరిచిపోయినారు. నేను నెట్టు లేకుండానే తుడిచినాను, నెట్టుకు కలిపి తుడిచుంటే ముందే బయటపడేది. తప్పు నాది. తీసుకురాండి" అన్నాడు.

ఈసారి ధరణి ఒక్కతే పోయింది. రవిచంద్రకు అంగడి వదిలే వీలు లేదు. చక్రధర్ వేలం కాగితాలు తీసి చూపించాడు. వాటిలో ఆ యంత్రం నంబరు ఉంది. ధరణి ఫోటో తీసి భర్తకు పంపింది. వెంటనే జవాబు వచ్చింది: "సరే. అట్లయితే బాగుచేసుకోని రా." చక్రధర్ ఆమె ఎదుటే కంపెనీకి మెయిలు రాశాడు. అది తేలేదాకా వాడుకోమని, తెర అంచున గీతలున్న మరో ల్యాప్‌టాప్ ఇచ్చాడు. కంపెనీవాళ్లు మరో మెయిలు రాయించుకుని గానీ కదలలేదు. చివరికి పేరు తీసేశారు. నల్లదాన్ని చక్రధరే కాణిపాకం పోతూ దారిలో అంగడి దగ్గర దిగి ఇచ్చిపోయాడు. రవిచంద్ర అతనికి టీ తెప్పించాడు.

రాసిందంతా పోయింది కాబట్టి ధరణి మళ్లీ మొదలుపెట్టింది. మొదటిసారి తిప్పలు పడ్డచోట్ల రెండోసారి చెయ్యి దానంతటదే నడిచింది. ఇంట్లో స్టీలు గ్లాసు, సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి గిన్నె, ఫ్యాను, కళ్లజోడు, చేతికర్ర, స్నానాలగది తలుపు, అన్నిటికీ ఫోటోలు తీసింది. మాటలు తన గొంతుతోనే రికార్డు చేసింది.

భారతమ్మ గ్లాసు బొమ్మ నొక్కింది. "నాకి నీళ్లు గావాల" అంది ఫోను, ధరణి గొంతుతో. అత్త మొహం చిట్లించింది. "అదే?" అని కోడలి నోటిని చూపించింది. తన దాహం కోడలి గొంతుతో పలకడం ఆమెకు ఏమీ బాగాలేదు.

మళ్లీ పంకజాక్షిని రప్పించారు. అక్కచెల్లెళ్ల గొంతులు ఒక్కటే. ఫోన్లో మాట్లాడితే రవిచంద్రే పొరబడేవాడు. ధరణి ఫోను ఆమె ముందు పెట్టి, "నీళ్లు కావాలని చెప్పు చిన్నత్తా" అంది.

"ఎవురికి చెప్పాల?"

"నాకే చెప్పు. మా అత్త అయితే ఎట్ల అడుగుతాదో అట్ల."

పంకజాక్షి గొంతు సవరించుకుంది. "ఏమ్మే ధరణీ, ఒక చెంబుడు నీళ్లియ్యే, గొంతెండిపోతా ఉండాది!"

మంచం మీదనుంచి భారతమ్మ గట్టిగా నవ్వింది. జబ్బుపడ్డాక ఆమె అట్లా నవ్వడం అదే మొదలు. ఆ పూటంతా అక్కచెల్లెళ్లు ఇద్దరూ కూర్చుని రికార్డు చేయించారు. చెల్లెలు అనడం, అక్క తల ఊపడమో, కాదని చెయ్యి విదిలించడమో. "సంగటి గట్టిగా గెలకలేదు" అన్న మాటకు మాత్రం నాలుగుసార్లు అనిపించి గానీ భారతమ్మ ఒప్పుకోలేదు.

యాప్ పని చేసింది. నీళ్లకు నీళ్లు, మందుకు మందు వచ్చేవి. అయినా కొద్దిరోజులకే ధరణి ఒకటి గమనించింది. అవసరమున్నప్పుడు నొక్కి, పనైపోగానే అత్త ఫోనును పక్కన పడేస్తోంది. మళ్లీ గోడవైపే తిరుగుతోంది. ఒకరోజు ఫోను ఇస్తే తెరంతా వేలితో జరిపి జరిపి, ఏదో వెతికి, దొరకక, "అదే... అదే..." అంటూ అంగడి వైపు చూపించింది. అంగడి ఫోటో తీసి చూపిస్తే కాదంది. కుర్చీ ఫోటో కాదంది. కొడుకు ఫోటో కాదంది. ఇద్దరికీ విసుగొచ్చింది. అంతలో బయట ఎవరో మోటారు తెచ్చి రవిచంద్రతో మాట్లాడుతున్నారు. భారతమ్మ మాటలు వినబడే దిక్కుకు మెడ చాచి, ఎడమచెయ్యి ఎత్తి, రమ్మన్నట్టు, అడుగుతున్నట్టు ఊపింది.

ధరణికి అప్పుడు తట్టింది. తాము పెట్టినవన్నీ ఆమెకు కావాల్సినవి. ఆమె వచ్చినవాళ్లను అడగదలచుకున్నవి ఒక్కటీ లేవు.

ఆ వారమే కొత్త పేజీ తయారైంది. బొమ్మలకు బదులు ఊరివాళ్ల ఫోటోలు, పంకజాక్షి గొంతుతో మాటలు: "ఏమప్పా, ఎట్లుండావు?" "పిల్లోళ్లు బాగుండారా?" "బోరులో నీళ్లున్నాయా?" "అట్లనా! ఇంగేమి?" "చాల్లే, అబద్దాలు చెప్పొద్దు." "కూసో, టీ తాగి పో." ఈ పేజీ చేయడంలో ల్యాప్‌టాప్ మొరాయించి రెండుసార్లు ఆగిపోయింది. ధరణి ఖాళీ గాడిలో మరో ఎనిమిది జీబీ పెట్టించుకుంది.

ప్లాస్టిక్ కుర్చీ మళ్లీ అంగడి ముందుకు వచ్చింది. మొదట్లో జనం ఫోను మాట్లాడుతుంటే ఫోను వంకే చూసేవాళ్లు. పోనుపోను ఆమె మొహం చూసి జవాబు చెప్పసాగారు. "ఇంగేమి?" అన్న మీట ఎక్కువగా నొక్కేది భారతమ్మ. ఆ ఒక్క మాటతో ఎదుటివాళ్ల చేత గంటసేపు మాట్లాడించేది. ఒక్కోసారి తప్పు మీట పడి, ఎవరో చావుకబురు చెబుతుంటే "చాల్లే, అబద్దాలు చెప్పొద్దు" అని వినబడేది. అప్పుడు ధరణి పరుగున వచ్చి సర్దిచెప్పాల్సి వచ్చేది. నోటి మాట తిరిగి రాలేదు. వస్తుందని స్రవంతి కూడా చెప్పలేదు. గోడవైపు తిరిగి పడుకోవడం మాత్రం మానేసింది.

స్రవంతి వచ్చి చూసి, తన దగ్గరికొచ్చే మరికొందరికి చేసిపెట్టగలరా అని అడిగింది. ధరణి వెంటనే ఒప్పుకోలేదు. తన అత్త కోసం చేయడం వేరు, ఊరివాళ్లకు చేయడం వేరు అనిపించింది. రవిచంద్రే, "చేసింది నడస్తా ఉండాది గదా, ఇంగేం భయం?" అన్నాడు. మొదటగా చంద్రగిరికి పోయింది. అక్కడ ఏకాంబరం అని బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆరు నెలలుగా మాట లేదు. ధరణి వాళ్ల ఇంట్లో చాప మీద కూర్చుని నల్ల ల్యాప్‌టాప్ తెరిచింది. ఏకాంబరం భార్య నీళ్లు తెచ్చిపెట్టి, "కాఫీ, నీళ్లు, బాత్రూము, నొప్పి. ఇవి పెట్టిస్తే చాలమ్మా" అంది.

"అవి ఉంటాయి. ఈయన బాగున్నప్పుడు రోజూ మీతో ఏం మాట్లాడతా ఉండేవారో అది చెప్పండి ముందు."

"ఈయనా? సాంబారులో ఉప్పు లేదని తగాదా పెట్టుకునేది తప్ప ఏం మాట్లాడేవాడు!"

మంచం మీద ఏకాంబరం మూతి ఒక పక్కకు సాగింది. నవ్వే అది.

"అయితే అది పెడదాం" అని ధరణి సాంబారు గిన్నె ఫోటో తీయడానికి లేచింది.

"అయ్యో, అది మటుకు పెట్టొద్దు తల్లీ" అంది ఆవిడ.

ఏకాంబరం బాగున్న చేత్తో మంచం మీద రెండు దెబ్బలు కొట్టి, ధరణి వైపు చూసి, గట్టిగా తల ఊపాడు.